స్లుత్స్క్ నడికట్టు ఎవరిది?

పోలండ్ జాతీయ వేషం అనగానే 18వ శతాబ్దపు ప్రభువులు కొంతూష్ అనే పొడుగు అంగీ మీద చుట్టుకున్న పట్టు నడికట్టే గుర్తుకొస్తుంది. అది అరువు సొగసేనని కొట్టిపారేసేవారున్నారు. వారి ఆధారం బలమైనదే. మొదట్లో ఈ నడికట్లు పర్షియా, తుర్కీల నుంచి వర్తకుల మూటల్లో వచ్చేవి. రాజ్‌వీవ్ వంశీయుల స్లుత్స్క్ కార్ఖానాను పేరుకెక్కించిన యాన్ మజార్స్కీ ఆర్మేనియన్. వార్సా దగ్గర లిప్కూఫ్‌లో నేయించిన పస్కాలిస్ యాకుబోవిచ్ కూడా ఆర్మేనియనే. అయితే పుట్టుక ఒక్కటే యాజమాన్యాన్ని తేల్చదు. మగ్గం మీద ఏం మారిందో చూడాలి. నిలువునా సగానికి మడిచి కట్టుకుంటే నాలుగు వేర్వేరు రంగుల్లో కనిపించేలా, రెండు ముఖాలూ నిండుగా నేసిన నడికట్టు ఇక్కడి పెద్దమనుషుల అవసరానికి కుదిరింది. పండగకు జరీ మెరుపు, సంతాపానికి నలుపు, రెండూ ఒకే గుడ్డలో! ఆ నేర్పును నేను సొంత సృష్టి అనే అంటాను.

స్లుత్స్క్ నేడు బెలారుస్‌లో ఉంది కదా అన్నది మరో అభ్యంతరం. అది న్యాయమైనదే, ఎందుకంటే మగ్గాల మీద కూర్చున్నది ఎక్కువగా ఆ ఊరి మనుషులే. కానీ అప్పటి పోలండ్-లిథువేనియా ఉమ్మడి రాజ్యాన్ని ఇప్పటి సరిహద్దులతో కోయలేం. మొదట లాటిన్ లిపిలో నేసిన కార్ఖానా ముద్ర, 1793లో ఆ ప్రాంతం రష్యా వశమయ్యాక సిరిలిక్ లిపిలోకి మారింది. రాజ్యం పోయాక వేషమూ పోయింది. చాలా నడికట్లను కత్తిరించి చర్చి గురువుల పూజావస్త్రాలుగా కుట్టారు. ఈ గుడ్డ మీద పోలండ్, బెలారుస్, ఆర్మేనియా మూడింటికీ హక్కుంది.