చంపని పగ: ‘సిటీ హంటర్’కు ప్రతిపదవ్యాఖ్య

మూలం

“రంగూన్‌లో రాజుకుని, నంపో నీళ్లలో మునిగిన బాకీని, అయిదుగురి దగ్గర, ముసుగు వేసుకుని, చేతికందినదానితో, చంపకుండా, వారానికి రెండు రాత్రుల చొప్పున వసూలు చేసిన కొడుకు కథ.”

దక్షిణ కొరియాలో ఎస్‌బీఎస్ ఛానెల్ 2011 మే 25 నుంచి జూలై 28 వరకు 20 ఎపిసోడ్లుగా ప్రసారం చేసిన ‘సిటీ హంటర్’ కథను ఒక్క వాక్యంలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే. లీ మిన్-హో హీరో, పార్క్ మిన్-యంగ్ హీరోయిన్, జిన్ హ్యొక్ దర్శకుడు. యాక్షన్ థ్రిల్లర్లు కొరియాలో ఏటా వస్తూనే ఉన్నాయి. ఖర్చులోనూ హంగులోనూ దీన్ని మించినవి చాలానే వచ్చాయి. అయినా కే-డ్రామాలు కొత్తగా చూస్తున్నవాళ్లకు పాత అభిమానులు చెప్పే పేర్లలో ఇది ఇప్పటికీ ఉంటుంది. కారణం ఏమిటన్నదానికి నా జవాబు ముందే చెప్పేస్తాను. రచయితలు హీరో కాళ్లకూ చేతులకూ వేసిన సంకెళ్లే ఈ సీరియల్‌కు బలం. ఆ సంకెళ్లను ఒక్కొక్క పదం పట్టుకుని చూద్దాం.

రంగూన్‌లో రాజుకుని

మన పాతతరం ‘రంగం’ అని పిలుచుకుని, కూలికీ వ్యాపారానికీ ఓడలెక్కి వెళ్లిన ఊరే ఇది. 1983 అక్టోబర్ 9న అక్కడి అమరవీరుల స్మారకం దగ్గర బాంబు పేలింది. పర్యటనకు వచ్చిన దక్షిణ కొరియా అధ్యక్షుడు చున్ డూ-హ్వాన్‌ను చంపాలని ఉత్తర కొరియా మనుషులు పెట్టిన బాంబు అది. ఆయన రావడం కాస్త ఆలస్యమైంది. ముందే వచ్చి వరుసలో నిలబడ్డ మంత్రులు, అధికారులు బలైపోయారు. చనిపోయిన 21 మందిలో 17 మంది కొరియన్లు. వారిలో విదేశాంగ మంత్రి కూడా ఉన్నాడు.

సీరియల్ ఈ పేలుడుతోనే మొదలవుతుంది. అధ్యక్షుడి అంగరక్షకులైన లీ జిన్-ప్యో, పార్క్ మూ-యోల్ అనే ఇద్దరు స్నేహితులను ఆ శిథిలాల మధ్య నిలబెడుతుంది. ఇక్కడే దీని మొదటి తెలివి కనిపిస్తుంది. ‘సిటీ హంటర్’ అసలు జపాన్ కామిక్. త్సుకాసా హోజో 1985 నుంచి 1991 వరకు గీసినది. టోక్యోలోని షిన్‌జుకు వీధుల్లో తిరిగే తుపాకీ మొనగాడు, ఆడవాళ్ల వెంటపడే అల్లరి, బోలెడంత నవ్వులాట అందులో ఉంటాయి. కొరియా రచయితలు పేరు తీసుకున్నారు, నగరంలో నేరస్థుల్ని వేటాడేవాడు అన్న ఊహ తీసుకున్నారు. మిగతాదంతా తమ దేశపు మానని గాయం మీద కొత్తగా కట్టారు. ప్రేక్షకుల్లో నడివయసు దాటినవాళ్లకు ఆ పేలుడు వార్త విన్న రోజు గుర్తుంటుంది. కల్పన మీద నమ్మకం కుదరడానికి అంతకంటే గట్టి పునాది అక్కర్లేదు.

నంపో నీళ్లలో మునిగిన బాకీని

పేలుడుకు బదులు తీర్చాలని అయిదుగురు పెద్దమనుషులు రహస్యంగా పథకం వేస్తారు. జిన్-ప్యో, మూ-యోల్ ఒక జట్టును తయారుచేసి ఉత్తర కొరియాలోకి చొరబడతారు. ఈలోగా పెద్దలకు భయం పట్టుకుంటుంది. సంగతి బయటపడితే అమెరికా అణు రక్షణ పోతుందని లెక్కలేసుకుంటారు. పని ముగించి నంపో తీరం నుంచి ఈదుకుంటూ వస్తున్న జట్టుకు, తమను తీసుకెళ్లడానికి వచ్చిన సొంత జలాంతర్గామి కనిపిస్తుంది. దాని మీద నుంచే తూటాలు వస్తాయి. స్నేహితుణ్ణి కాపాడి మూ-యోల్ చనిపోతాడు. బతికి బయటపడ్డవాడు జిన్-ప్యో ఒక్కడే. తిరిగొచ్చేసరికి తన మనుషుల పేర్లు ప్రభుత్వ రికార్డుల్లోనే ఉండవు.

శంక: ప్రభుత్వం సొంత సైనికులనే తుడిచేయడం మరీ సినిమాటిక్‌గా లేదా?

సమాధానం: కొరియా ప్రేక్షకుడికి అంత వింతగా తోచదు. అప్పటి ఉత్తర కొరియా అధినేత కిమ్ ఇల్-సంగ్‌ను చంపడానికి 1968లో 31 మందిని సిల్మిడో ద్వీపంలో కఠినంగా తయారుచేసి, తర్వాత ఆ పథకాన్నే పక్కన పడేశారు. వాళ్లలో మిగిలినవారు 1971 ఆగస్టులో తిరగబడి సియోల్ వైపు వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్రభుత్వం చాలాకాలం దాచిన ఆ చరిత్ర మీద 2003లో వచ్చిన ‘సిల్మిడో’ సినిమాను కొరియాలో కోటి మందికి పైగా చూశారు. నంపో ఘటన కల్పితమే కావచ్చు. అక్కడ మోగిన తూటా చప్పుడు మాత్రం వాళ్లు అంతకుముందే విన్నది.

అయిదుగురి దగ్గర

ఈ పదం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మామూలు పగకథలో విలన్లు పాతికేళ్ల కిందటి పాపానికే జవాబు చెప్పుకుంటారు. ఇక్కడ ఆ అయిదుగురు 2011 నాటికి ఇంకా పైకెక్కి, కొత్త పాపాలు చేస్తూ ఉంటారు. జిన్-ప్యో పెంచిన కొడుకు, హీరో లీ యున్-సంగ్ వాళ్లను పట్టుకునేది ఆ కొత్త పాపాల దగ్గరే. అవి ఎలాంటివో ముగ్గురి సంగతిలో చూడండి.

సియో యోంగ్-హాక్ మాజీ రక్షణమంత్రి, అధ్యక్ష పదవి మీద ఆశ ఉన్నవాడు. కొడుకులను మాత్రం సైన్యానికి పంపకుండా తప్పించాడు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి యువకుడూ నిర్బంధంగా సైన్యంలో చేయాల్సిన దేశంలో ఇది చిన్న నేరం కాదు. 1997 అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థి లీ హోయి-చాంగ్‌ను దెబ్బతీసిన వివాదాల్లో ఆయన కొడుకులకు దొరికిన మినహాయింపు ముఖ్యమైనది.

కిమ్ జోంగ్-షిక్ ప్రైవేటు చదువుల సొమ్ము తిన్నవాడు. ఈ సీరియల్ నడుస్తున్న రోజుల్లోనే సియోల్‌లో విద్యార్థులు కొవ్వొత్తులు పట్టుకుని ఫీజులు సగానికి తగ్గించాలంటూ రోడ్డెక్కారు. బయట నినాదం, లోపల టీవీలో అదే గొడవ.

చున్ జే-మాన్ పారిశ్రామికవేత్త. అతని రసాయన కర్మాగారంలో పనిచేసినవాళ్లకు లుకేమియా వస్తుంది. సరిగ్గా 2011 జూన్ 23న, సామ్‌సంగ్ సెమీకండక్టర్ కర్మాగారంలో పనిచేసి లుకేమియాతో చనిపోయిన ఇద్దరి విషయంలో అది పని వల్ల వచ్చిన జబ్బేనని సియోల్ పరిపాలనా న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఇందుకే హీరో ఎవరినైనా కొడుతుంటే ప్రేక్షకుడికి అది వాడి సొంత గొడవలా అనిపించదు. ఫీజు కట్టలేని కొడుకున్న తల్లి, సైన్యంలో చలికి వణికి వచ్చిన కుర్రాడు, రసాయనాల వాసనలో పనిచేసిన కార్మికుడు తమ వంతు దెబ్బ కూడా అందులో చూసుకుంటారు. అయిదో పేరు అధ్యక్ష భవనంలో ఉంటుంది. దాని సంగతి చెప్పను, చూసి తెలుసుకోవాలి.

ముసుగు వేసుకుని

పగలు యున్-సంగ్ అమెరికాలో చదువుకుని వచ్చి, అధ్యక్ష భవనం ‘బ్లూ హౌస్’లో కంప్యూటర్ నెట్‌వర్క్ చూసుకునే సరదా మనిషి. రాత్రి నల్లటి ముసుగు. ముసుగు హీరోలు మనకు కొత్త కాదు గనక ఇక్కడ ఒక్క మాటతో సరిపెడతాను. ఈ ముసుగు శత్రువుల కంటే మిత్రులనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అదే భవనంలో అంగరక్షకురాలిగా పనిచేసే కిమ్ నా-నా జూడో నేర్చిన మనిషి. పట్టు చిక్కితే ఎవడినైనా భుజం మీదుగా తిప్పి కొట్టగలదు. తను మనసిచ్చినవాడూ, ఉద్యోగరీత్యా పట్టుకోవలసినవాడూ ఒకడేనన్న అనుమానం ఆమెకు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రూఢి అవుతుంది అన్న ఉత్కంఠ చాలా ఎపిసోడ్లను లాక్కెళుతుంది.

చేతికందినదానితో

ఈ సీరియల్ పేరెత్తగానే అభిమానులు ముందు చెప్పేది చెంచా గురించి. ఒక కొట్లాటలో యున్-సంగ్ మీదపడ్డవాళ్లను చెంచాతో ఎదుర్కొంటాడు. కొరియావాళ్లు రోజూ అన్నం తినే పొడుగుకాడ ఉక్కు చెంచా అది.

నవ్వులాటగా అనిపించే ఈ ఎంపిక వెనక చాలా లెక్క ఉంది. చెంచాకు పదునుండదు, పొడవు జానెడే. దూరం నుంచి విసిరే దెబ్బలు దానితో కుదరవు. కాబట్టి హీరో ఎదుటివాడి చేతుల మధ్యకు చొచ్చుకెళ్లాలి. మణికట్టు, మోచేయి, మెడ లాంటి చోట్ల చూసి చూసి కొట్టాలి. కొట్లాట దగ్గరకు జరిగితే కెమెరా కూడా దగ్గరకు జరగక తప్పదు. అప్పుడు నటుడి ముఖం, చెయ్యి రెండూ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి. గాల్లో పల్టీలు కొట్టించే తీగలతో పని ఉండదు, కొట్టినవాడు ఎవడో దాచే అవకాశమూ ఉండదు. హాలీవుడ్ బోర్న్ సినిమాల్లో పెన్నుతోనూ చుట్టిన పత్రికతోనూ చేసిన పనే ఇది. వంటింటి వస్తువు కావడంతో ఇక్కడ ఇంకాస్త చమత్కారం చేరింది.

చెంచాతో ప్రాణం తీయడం కష్టం. అంటే తర్వాతి పదానికి దారి ఈ ఆయుధమే వేస్తోంది.

చంపకుండా

మొత్తం వాక్యానికి ఇదే ఆయువుపట్టు. పెంచిన తండ్రి జిన్-ప్యో ఆజ్ఞ ఒకటే: అయిదుగురినీ చంపు. యున్-సంగ్ ఒప్పుకోడు. వాళ్ల అవినీతికి సాక్ష్యాలు వెతికి, లోకం ముందు నిలబెట్టి, చట్టానికి అప్పగిస్తానంటాడు. మన తెరమీద ‘భారతీయుడు’లో సేనాపతి లంచగొండులను కత్తితోనే తీర్పు చెప్పి పంపాడు. ‘అపరిచితుడు’ గరుడపురాణం తెరిచి శిక్షలు వేశాడు. చంపడానికి వాళ్లు వెనకాడలేదు. యున్-సంగ్‌కు మాత్రం ఇటు తండ్రి తుపాకీ, అటు ప్రాసిక్యూటర్ సంకెళ్లు.

ఆ ప్రాసిక్యూటర్ కిమ్ యంగ్-జూ నిజాయితీపరుడు. ముసుగు మనిషి పంపే సాక్ష్యాలు అతనికి కావాలి, ముసుగు మనిషి కూడా కావాలి. పైగా అతని కన్నతండ్రే ఆ అయిదుగురిలో ఒకడు. కాబట్టి ప్రతి వేటలోనూ ముగ్గురు ఒకే మనిషి కోసం పరిగెడతారు. జిన్-ప్యో చంపడానికి, యంగ్-జూ అరెస్టు చేయడానికి, యున్-సంగ్ ఆ మనిషిని ప్రాణాలతో చట్టం చేతికి ఇవ్వడానికి. తాను అసహ్యించుకునే మనిషి ప్రాణాన్నే హీరో కాపాడాల్సి రావడం చూస్తుంటే మనకూ చెమటలు పడతాయి.

శంక: నేరస్థుడు డబ్బుతో కోర్టుల్లో తప్పించుకుంటే?

సమాధానం: ఈ ప్రశ్నను సీరియల్ దాటవేయదు. జిన్-ప్యో నోట అదే వాదన పదే పదే వినిపిస్తుంది, అతని మాటలో నిజం లేదని చెప్పడం కష్టం. ఆ పాత్ర వేసిన కిమ్ సాంగ్-జూంగ్ అదే ఎస్‌బీఎస్‌లో 2008 నుంచి నేరపరిశోధన కార్యక్రమానికి వ్యాఖ్యాత. నిజజీవితపు దారుణాలను గంభీరంగా చెప్పే ఆ గొంతే తెరమీద చట్టాన్ని నమ్మొద్దని అంటుంటే బరువు రెట్టింపవుతుంది.

వారానికి రెండు రాత్రుల చొప్పున

బుధవారం ఒకటి, గురువారం ఒకటి, పది వారాలు. కొరియాలో ఎస్‌బీఎస్ లాంటి సాధారణ ప్రసార ఛానెళ్లకు కార్యక్రమం మధ్యలో ప్రకటనలు వేసే అనుమతి అప్పట్లో లేదు. 2021లోగానీ ఆ నిషేధం ఎత్తేయలేదు. దీనివల్ల కథనానికి జరిగిన మేలు గమనించాలి. ప్రకటనల కోసం పది నిమిషాలకోసారి తెచ్చిపెట్టుకున్న ఉలికిపాటు అవసరం రాలేదు. గంటసేపు మెల్లగా బిగించి ఆఖరి నిమిషంలో ముడి వేస్తే చాలు. బుధవారం వేసిన ముడి మర్నాడు విప్పొచ్చు. గురువారం వేసినది వారంపాటు నిలవాలి కాబట్టి అది ఇంకా గట్టిది. ఇప్పుడు ఓటీటీలో అన్నీ ఒకే రాత్రి చూసేవాళ్లకు కూడా సరి అంకె ఎపిసోడ్ల చివర ఆ గట్టిదనం తెలుస్తుంది.

కొడుకు కథ

ఎవరి కొడుకు? చనిపోయిన స్నేహితుడి భార్య ఒడిలోంచి పసిగుడ్డును ఎత్తుకుపోయి, థాయ్‌లాండ్‌లోని గోల్డెన్ ట్రయాంగిల్‌లో తుపాకీ పట్టించి పెంచినవాడు జిన్-ప్యో. అదే జిన్-ప్యో ఈ పిల్లవాడి ప్రాణం కోసం తన కాలు పోగొట్టుకున్నాడు. దొంగిలించినవాడూ అతనే, ప్రేమించినవాడూ అతనే. అందుకే యున్-సంగ్ అతనికి పూర్తిగా ఎదురుతిరగలేడు, పూర్తిగా లోబడలేడు. సియోల్‌లో ఎక్కడో కన్నతల్లి జబ్బుతో ఉంది. ఇంట్లో బే షిక్-జూంగ్ అనే నడివయసు మనిషి వంట చేసిపెడుతూ, టీవీలో అమ్మకానికి వచ్చిన ప్రతిదానికీ ఆర్డర్ పెడుతూ, నిజమైన కుటుంబం ఎలా ఉంటుందో ఈ కుర్రాడికి రుచి చూపిస్తుంటాడు. యాక్షన్ కోసం కూర్చున్న ప్రేక్షకుణ్ణి చివరిదాకా కూర్చోబెట్టేది ఈ ఇల్లే.

తాత్పర్యం

చంపకూడదు, ముఖం చూపకూడదు, ప్రేమ చెప్పకూడదు, తండ్రిని కాదనకూడదు. ఇన్ని ‘కూడదు’ల మధ్య హీరో ఏం చేస్తాడో చూడటంలోనే ఈ సీరియల్ ఆకర్షణ ఉంది. లోపాలు లేవని కాదు. థాయ్‌లాండ్ భాగం హడావుడిగా గడిచిపోతుంది, కొన్ని ప్రేమ సన్నివేశాలు సాగుతాయి, యాదృచ్ఛికంగా కలిసే బంధుత్వాలు కాస్త ఎక్కువే. అయినా సొంత దేశపు పాలకులను, వ్యాపారులను, చదువుల దుకాణాలను ప్రైమ్ టైమ్‌లో ఇంత సూటిగా ముద్దాయిలుగా నిలబెట్టిన సరదా సీరియళ్లు అరుదు. మన టీవీ రచయితలు దీన్ని ఒకసారి శ్రద్ధగా చూడాలి. చూడబోయే పాఠకులకు ఒకే సలహా: మొదటి ఎపిసోడ్ చరిత్ర పాఠంలా ఉందని దాటేయకండి. తర్వాతి 19 ఎపిసోడ్ల లెక్కంతా అందులోనే ఉంది.