ధరలు లేచిన పిమ్మట



మా తాతగారి భోషాణములో నొక చిట్టా పుస్తకము దొరికినది. అందు 1932వ సంవత్సరపు పుటలో ‘కాసులపేరు అమ్మిన సొమ్ము, వడ్డీకి జమ’ అని యొక పంక్తి కలదు. ఆ నగ మా నాయనమ్మగారిది. ఆ పంక్తియే నా యీ ప్రసంగమునకు మూలము.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యము మన డెల్టా గ్రామములకును వ్యాపించెను. ధాన్యపు ధర ఇంచుమించు సగమునకు పడిపోయెను. శిస్తును, అప్పును ఆ మేరకు తగ్గలేదు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు స్వర్ణప్రమాణమును విడిచెను. రూపాయి స్టెర్లింగుతో ముడివడి యుండుటచే బంగారము వెల పెరిగెను. ఇండ్లలోని నగలు అంగళ్లకును, అచ్చటినుండి ఓడలకును చేరెను. ఆశచే నమ్మినవారు కొందఱు. గత్యంతరము లేక యమ్మినవారు పెక్కండ్రు.

1938లో మద్రాసు ప్రభుత్వము రైతుల ఋణవిమోచనమునకు శాసనము చేసెను. అసలును వడ్డీయు గలిపి అసలునకు రెట్టింపు చెల్లించినచో 1932 అక్టోబరునకు ముందటి బాకీ తీఱినట్లే యని యందు విధించిరి. వడ్డీకి హద్దుండవలె నను మాట మనుస్మృతిలోనే యున్నది. శాసనము మేలు చేసెను. కాని షావుకార్లు క్రొత్త అప్పు లిచ్చుటకు జంకిరి. ఆ యేఁడే తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు చెల్లింపులు నిలిపివేయుటచే సొమ్ము దాఁచుకొన్నవారికిని భయము పుట్టెను.

యుద్ధకాలమున ధరలు మరల లేచెను. చేతి కందిన రూపాయితో గృహస్థు లేమి చేసిరి? 1946లో బి.వి. నారాయణస్వామి నాయుడుగా రిచ్చిన నివేదిక దీనికి సమాధానము చెప్పుచున్నది. 1939-45 నడుమ మద్రాసు రాజధానిలో గ్రామఋణము సుమారు ఐదవవంతు తగ్గెను. పెద్దరైతులు అప్పులు తీర్చుకొనిరి. భూమిలేని కూలీల ఋణము మాత్రము పెరిగెను. వారికి అమ్ముటకు ధాన్యము లేదు. కొనవలసిన గింజలు ప్రియమయ్యెను.

మా తాతగారు 1944లో అప్పు తీర్చిరి. కాసులపేరు మరల చేయింపలేదు, నాయనమ్మగారును అడుగలేదట. మిగిలిన సొమ్మును పోస్టాఫీసులో వేసిరి. బాల్యమున నేను దానిని లోభ మనుకొంటిని. ధర కోలుకొనుటకు రెండు పంటలు చాలును, బెదరిన మనస్సునకు చాలవని పిదప తెలిసికొంటిని.

అయిన నా చిట్టాలోనే, ఆ 1944వ సంవత్సరముననే, మా పాలేరు పేర వ్రాసిన బాకీ పెరిగి యున్నది. ఆ పుటను నేను చాల దినములు మూయలేకపోతిని.

పెద్దలారా! మీ యిండ్లలోని పాత చిట్టాలను చెదలకు విడువకుఁడు. కాలము బాగుపడిన దని యెవరైన నన్నప్పుడు, మన లెక్కతోపాటు కూలివాని యింటి లెక్కయు నడిగి, పిదప ఔననుఁడు.