ఎదిగే ముఖానికి కొలత

పసిబిడ్డకు నీళ్లు పోస్తూ ముక్కు నొక్కడం, తల గుండ్రంగా రావాలని నిమరడం హోసూరు దగ్గరి బాగలూరులోనూ ఉంది, బందరులోనూ ఉంది. రూపమంతా ఆ చేతుల్లోనే ఉందని పెద్దల నమ్మకం. అసలు మార్పు తర్వాతెప్పుడో జరుగుతుంది. మెదడు ఐదారేళ్లకే దాదాపు పూర్తి పరిమాణానికి వస్తే, కింది దవడ పదిహేనేళ్లు దాటాక కూడా పెరుగుతుంటుంది. చంటిపిల్లల నుదురు పెద్దగా, గడ్డం చిన్నగా కనిపించేది అందుకే.

ముఖాన్ని అంకెల్లో పెట్టిన తొలివాళ్లకు ఎదుగుదల మీద పెద్దగా ఆసక్తి లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో డచ్చి వైద్యుడు పెట్రస్ కాంపర్ నుదుటి నుంచి పెదవి దాకా గీసిన గీత ఏ కోణంలో వాలుతుందో చూశాడు. 1880ల్లో జర్మన్ శాస్త్రజ్ఞులు చెవి రంధ్రం పై అంచునూ కంటిగుంట కింది అంచునూ కలిపే అడ్డగీతను ప్రమాణంగా ఒప్పుకున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ పేరుతో ఆ గీత నేటికీ వాడుకలో ఉంది.

మన వైపు ఈ కొలతలు తెచ్చినవాడు మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్. కులాలవారీగా జనాన్ని నిలబెట్టి ముక్కు పొడవు, వెడల్పు కొలిచి 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. తమను చంపి, గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడని వయనాడులోని పణియ స్త్రీలు భయపడ్డారని ఆయనే రాసుకున్నాడు. ఆ భయంలో కొంత న్యాయం లేకపోలేదు. మనిషిని ఒక్కసారి కొలిచి ఒక అరలో పెట్టేసే శాస్త్రమది. పిల్లవాడు ఎలా మారతాడన్న ప్రశ్నకు అందులో చోటు లేదు.

ఆ ప్రశ్నకు దారి చూపింది అమెరికాలో ఒక దంతవైద్యుడు. క్లీవ్‌లాండ్‌లో హోలీ బ్రాడ్‌బెంట్ చెవుల్లో కడ్డీలతో తల కదలకుండా పట్టే పరికరం చేశాడు. ఐదడుగుల దూరం నుంచి ఎక్స్‌రే తీసే తన పద్ధతిని 1931లో ప్రకటించాడు. దూరమూ భంగిమా మారవు కాబట్టి, అదే పిల్లవాడి ఈ ఏటి బొమ్మను నిరుటి బొమ్మ మీద పరిచి చూడొచ్చు. ఈ పనికి అక్కడి బోల్టన్ కుటుంబం డబ్బిచ్చింది. వేల మంది పిల్లలు మళ్లీ మళ్లీ వచ్చారు. డెన్మార్క్‌లో అర్నే బ్యోర్క్ మరో అడుగు ముందుకేసి పిల్లల దవడల్లో సన్నటి లోహపు ముక్కలు అమర్చాడు. దవడ పెరుగుతూనే తిరుగుతుందనీ, అంచుల్లో ఎముక అరుగుతూ చేరుతూ ఆ తిరుగుడును దాచేస్తుందనీ 1955 నుంచి వెలువరించిన పరిశోధనల్లో తేల్చాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఏటేటా ఎక్స్‌రేలు తీయడానికి నేడు ఎవరూ ఒప్పుకోరు. ఆ పాత ఎక్స్‌రేలు ఇంకా విలువైనవి కావడానికి అదో కారణం.

బొమ్మలైతే వచ్చాయి, వాటి నుంచి లెక్క తీయడం ఎలా? ఒకే పిల్లవాడి నాలుగు కొలతలు నలుగురు పిల్లల కొలతలతో సమానం కావు. ఇక్కడే మనవాడొకరు వస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి కలకత్తా వెళ్లిన గణాంక శాస్త్రజ్ఞుడు సి.ఆర్.రావు 1946లో కేంబ్రిడ్జి చేరి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించారు. థర్‌స్టన్ కాలపు పనిముట్లే, అడిగే ప్రశ్నలు వేరు. ఎదుగుదల వక్రరేఖలను పోల్చే పద్ధతుల మీద ఆయన వ్యాసం 1958లో వచ్చింది. 1964లో పాథాఫ్, ఎస్.ఎన్.రాయ్ అదే దారిని పదహారుగురు అబ్బాయిలు, పదకొండుగురు అమ్మాయిల ఎక్స్‌రేలతో విస్తరించారు. పీయూష గ్రంథి నుంచి పైదవడ వెనక చీలిక దాకా దూరం ఎనిమిదేళ్లకు అమ్మాయిల్లో సగటున 21.2 మిల్లీమీటర్లు, పద్నాలుగేళ్లకు 24.1. అబ్బాయిల్లో 22.9 నుంచి 27.5కు పెరిగింది. గణాంకశాస్త్రం చదివే పిల్లలకు ఆ ఇరవై ఏడుగురు నేటికీ లెక్కల్లో ఎదురవుతూనే ఉంటారు. రావు 1998లో, డెబ్బై ఎనిమిదో ఏట, గుర్తుబిందువుల మధ్య త్రిభుజాలతో ఆకారాన్ని కొలిచే పద్ధతి మీద వ్యాసం రాశారు.

హోసూరులో పళ్లకు క్లిప్పులు వేసే డాక్టరు చూసే పక్కవాటు ఎక్స్‌రే బ్రాడ్‌బెంట్ వారసత్వమే. దాన్ని పోల్చే ప్రమాణాలు చాలాకాలం అమెరికా తెల్లపిల్లలవి. ఉత్తర భారతీయుల కొలతలు 1969లో అచ్చయ్యాయి. మరోవైపు 2018లో తెలంగాణ పోలీసులు దర్పణ్ అనే సాధనంతో తప్పిపోయిన పిల్లల ఫొటోలను ఆశ్రమాల్లోని పిల్లల ఫొటోలతో పోల్చడం మొదలుపెట్టారు. నాలుగేళ్లప్పుడు తప్పిపోయి తొమ్మిదేళ్లప్పుడు దొరికిన బిడ్డను గుర్తించాలంటే, ఆ మధ్యలో దవడ ఎంత ముందుకొచ్చిందో యంత్రానికి తెలిసుండాలి.