మాజీ సైనికులకు హెపటైటిస్ సి.. డిజేబిలిటీ పెన్షన్ రిజెక్ట్ అయితే ఏం చేయాలి?

చీపురుపల్లి (విజయనగరం జిల్లా): ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఆర్మీకి వెళ్లేవాళ్లు ఎక్కువే. చీపురుపల్లి చుట్టుపక్కలా అంతే. అలా సర్వీస్ చేసినవాళ్లకు హెపటైటిస్ సి అని తేలితే పెన్షన్ సంగతేంటి?

ఈ జబ్బుతో చిక్కేంటంటే.. ఇది చప్పుడు చేయదు. రక్తం ద్వారా సోకుతుంది, ఎక్కువ మందికి మొదట్లో లక్షణాలే ఉండవు. లివర్ గట్టిపడే సిర్రోసిస్ దశకు 20, 30 ఏళ్లు పట్టొచ్చు. అసలు ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. మన బ్లడ్ బ్యాంకుల్లో దీని టెస్ట్ తప్పనిసరి అయింది 2001లో. అంతకుముందు ఆర్మీ ఆస్పత్రిలో రక్తం ఎక్కించుకున్న జవాన్‌కు ఆ కేస్ షీటే కేసుకు ప్రాణం. అమెరికాలోనూ మాజీ సైనికుల క్లెయిములు ఇక్కడే ఆగుతాయి.. వైరస్ సర్వీస్‌లోనే సోకిందని చూపించగలరా అని.

రూల్ ప్రకారం వైకల్యం 20 శాతం లేదా ఆపైన ఉండాలి. జబ్బు సర్వీస్ వల్ల రావాలి, లేదా సర్వీస్ వల్ల ముదరాలి. పేచీ అంతా ఈ రెండోదానితోనే. ‘సర్వీస్‌కు సంబంధం లేదు’ అని మెడికల్ బోర్డు ఒక్క లైన్ రాస్తే ఫైల్ ఆగిపోతుంది.

అయితే 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. అది మూర్ఛ జబ్బు కేసు. ఆర్మీలో చేరేటప్పుడు రికార్డులో లేని జబ్బు తర్వాత బయటపడితే, అది సర్వీస్ వల్లే వచ్చిందని భావించాలి. కాదని చెప్పాలంటే బోర్డు కారణాలు రాయాలి. రిజెక్షన్ లెటర్‌తో పాటు బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ అడిగి తీసుకోవాల్సింది ఇందుకే. రిటైరయ్యాక జబ్బు బయటపడినా దారి ఉంది, కానీ దాని మూలం సర్వీస్‌లోనే ఉందని డాక్టర్లు తేల్చాలి. ఇది కాస్త కష్టమే. 2023 సెప్టెంబర్ 21 తర్వాత రిటైరైనవాళ్లకు కొత్త రూల్స్ వర్తిస్తాయి.

రిజెక్ట్ అయిన 6 నెలల్లో ఫస్ట్ అప్పీల్, తర్వాత సెకండ్ అప్పీల్. అక్కడా కాదంటే మరో 6 నెలల్లో సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఏపీ కేసులు చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. చీపురుపల్లి నుంచి రైల్లో 800 కిలోమీటర్లకు పైనే! సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని ట్రిబ్యునల్ మన్నించొచ్చు. కానీ బకాయిలు మాత్రం సాధారణంగా కేసు వేయడానికి ముందు 3 ఏళ్లకే ఇస్తారు.

అప్పీల్ తేలేదాకా ట్రీట్‌మెంట్ ఆపొద్దు. ఇప్పుడున్న మాత్రలతో 12 వారాల్లో 95 శాతానికి పైగా నయమవుతోంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. వైరస్ పోయినా పాడైన లివర్ పూర్తిగా కోలుకుంటుందని లేదు, కాబట్టి తాజా రిపోర్టులూ ఫైల్‌లో పెట్టాలి. కాగితాల విషయంలో విజయనగరంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించొచ్చు.