కుందేలుకు తండ్రులెందరు?

రేడియోలో పనిచేసే మా వంటివారికి ఒక అలవాటు ఉన్నది. నాటకం ముగిసిన పిమ్మట పాత్రధారుల పేర్లు, రచయిత పేరు, నిర్వాహకుని పేరు చదివి వినిపించినగాని పని పూర్తి అయినట్లు మాకు తోచదు. శ్రోతకు మేము కనబడము గదా! తెర వెనుక ఉన్న మనిషికి ఆ పేరొక్కటే ముఖం. అందుచేతనే కాబోలు, అమెరికా కార్టూను చిత్రాల చరిత్ర చదివినప్పుడెల్ల మా దృష్టి గంతులు వేసే బొమ్మల మీద కంటె, ఆ బొమ్మలు గీసినవారి పేర్ల మీదనే నిలుస్తుంది. ఆ పేర్లలో అనేకం తెరకు ఎక్కనే లేదు. ఎక్కినవాటిలో కొన్ని తరువాత చెరిపివేయబడినవి. వాటిని తిరిగి వెదకి తెచ్చినవారు చిత్రనిర్మాతలు కారు, పండితులూ కారు. వెర్రి అభిమానులని లోకం నవ్విన కొందరు యువకులు.

కారెట్ దుంప నములుతూ వేటగాణ్ణి ముప్పుతిప్పలు పెట్టే బగ్స్ బన్నీ అనే కుందేలును ఎరుగని పిల్లలు నేడు అరుదు. దాని పుట్టుక హాలీవుడ్‌లో. వార్నర్ బ్రదర్స్ సంస్థకు కార్టూను చిత్రాలు తయారుచేసి ఇచ్చే గుత్తదారు లియోన్ ష్లెసింజర్. ఆయన చిత్రకారుడు కాడు, వ్యాపారి. 1935లో టెక్స్ ఆవెరీ అనే 27 ఏళ్ళ యువకుడు ఆయనవద్ద పనిలో చేరినాడు. ఆవెరీకీ, ఆయన సహాయకులకూ స్టూడియో ఆవరణలోనే వేరుగా ఒక చిన్న పాతకొంప చూపించినారు. చక్‌ జోన్స్, బాబ్ క్లాంపెట్, వర్జిల్ రాస్ ఆ సహాయకులలోనివారు. కొంప నిండా చెదలు. దానికి వారే టెర్మైట్ టెర్రెస్, అనగా చెదల మేడ, అని నామకరణం చేసుకొన్నారు. ఆ మేడలో వారున్నది కొద్దికాలమే అయినా పేరు మాత్రం ఆ బృందానికి శాశ్వతంగా అంటుకొన్నది.

అక్కడి వాతావరణం కచేరీ కంటె కళాశాల వసతిగృహానికి దగ్గర. యజమానిని ఎగతాళి చేయడం నిత్యకృత్యం. 1939లోనూ 1940లోనూ క్రిస్మసు విందుకోసం తమలో తాము నటించి నవ్వుల చిత్రాలు తీసుకొన్నారు. ఆ రెండూ నేటికీ నిలిచి ఉన్నవి. 1940లో ఫ్రిజ్ ఫ్రెలెంగ్ తీసిన ఒక చిత్రంలో పోర్కీ అనే పందిబొమ్మ సాక్షాత్తు ష్లెసింజర్ గదిలోకి వెళ్ళి, ఒప్పందం రద్దు చేయమని అడుగుతుంది. యజమాని పాత్ర ధరించినవాడు యజమానే! డాఫీ అనే బాతు కథ ఇంకొకటి. ష్లెసింజరుకు సకారం సరిగా పలికేది కాదట. ఆ ఉచ్చారణనే బాతుకు పెట్టి, ఉద్యోగాలు ఊడునని రాజీనామాలు ముందే వ్రాసి పెట్టుకొన్నారట. ఆయన చిత్రం చూచి పకపకా నవ్వి, ఆ గొంతు ఎక్కడ సంపాదించినారని అడిగినాడట. ఇది జోన్స్ చెప్పిన కథ. బాతుకు గొంతునిచ్చిన మెల్ బ్లాంక్ మాత్రం, ముక్కు అంత పొడవైతే సకారం పలకడం ఎవరికైనా కష్టమే గదా అని వేరే కారణం చెప్పినాడు. మాకు మొదటి కథ మీద కొంత అనుమానం ఉన్నది. అయినా చెప్పకుండా ఉండలేకపోయినాము.

నవ్వుల మాట అటుంచి, చాకిరీ సంగతి చూడాలి. తెరమీద సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఏడు నిమిషాల చిత్రానికి 10,080 ఫ్రేములు. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు నిలిపినా ఐదువేలకు పైగా బొమ్మలు గీయాలి. వాటిని పారదర్శకమైన సెల్యులాయిడు రేకులమీదికి సిరాతో ఎక్కించి, వెనుకనుండి రంగులు నింపే పని చాలవరకు స్త్రీలది. చిత్రీకరణ ముగిసినాక రేకులను కడిగి మరల వాడుకొనేవారు. ఆ స్త్రీల పేర్లు తెరమీద కనబడలేదు. పురుషుల గతి కొంత మేలు, కొంతే. ఒక చిత్రానికి నలుగురైదుగురు బొమ్మలు కదిలించినా, వంతులవారీగా ఒక్కని పేరే వేసేవారు. ఈసారి నీది, వచ్చేసారి నాది అన్నమాట.

1941లో ఈ అసంతృప్తి బయట పడినది. ఆ మే నెలలో ష్లెసింజర్ ఆరు దినాలు తలుపులు మూసి, చివరకు కార్మిక సంఘంతో రాజీపడినాడు. అదే నెల 29న వాల్ట్ డిస్నీ స్టూడియోలో సమ్మె ఆరంభమైనది. వేతనాలతోబాటు తెరమీద పేర్లు కూడ అక్కడి తగాదాలో ఒక అంశం. చెదల మేడవారు ఆ సమ్మెకు మద్దతుగా ఒక గిలటిన్ యంత్రం తయారుచేసి, ఫ్రెంచి విప్లవకారుల వేషాలు కట్టి, డిస్నీ న్యాయవాది దిష్టిబొమ్మకు శిరచ్ఛేదం జరిపినారు. సమ్మెలో కూడ వారు వారే!

మా వృత్తికి చెందిన ముచ్చట ఒకటి. మెల్ బ్లాంక్ రేడియోనుండి వచ్చినవాడు. జాక్ బెన్నీ హాస్య కార్యక్రమంలో ముక్కుతూ మూలుగుతూ నడిచే పాత మాక్స్‌వెల్ కారు శబ్దం కూడ ఆయన గొంతే. వేతనం పెంచమని ష్లెసింజరును అడుగగా డబ్బు బదులు తెరమీద పేరు దొరికినదని ఆయన స్వయంగా చెప్పుకొన్నాడు. 1944 నుండి ఆ పేరు చిత్రాలలో కనబడసాగినది. 1946లో ఆయన పేరిటనే ఒక రేడియో కార్యక్రమం వెలసినది. మంచిదే. కాని దాని ఫలితంగా ప్రేక్షకులు ప్రతి గొంతూ బ్లాంక్‌దే అనుకొన్నారు. కుందేలును వేటాడే ఎల్మర్ ఫడ్ గొంతు ఆయనది కాదు, ఆర్థర్ క్యూ. బ్రయన్ అనే మరొక రేడియో నటునిది. ఫిబర్ మెగీ అండ్ మాలీ అనే ధారావాహికలో డాక్టరు గాంబుల్‌గా వేలాది ఇండ్లు ఎరిగిన మనిషి ఆయన. కార్టూనులలో మాత్రం అనామకుడు.

ఇక కుందేలు. 1938లో బెన్ హార్డవే అనే దర్శకుడు ఒక వేట చిత్రంలో వెర్రి కుందేలును ప్రవేశపెట్టినాడు. హార్డవే ముద్దుపేరు బగ్స్. ఆయనకోసం చార్లీ థార్సన్ మరల గీసిన నమూనా కాగితంమీద బగ్స్ గారి కుందేలు అన్న అర్థంలో వ్రాసిన మాటే దానికి పేరైనది. కాని నేడు మనం ఎరిగిన తాపీ మనిషి వంటి కుందేలు, ఆవెరీ దర్శకత్వంలో 1940 జులైలో వెలువడిన 'ఎ వైల్డ్ హేర్' చిత్రంలోనే కనబడుతుంది. మరుసటి సంవత్సరం ఆవెరీ యజమానితో తగవుపడి వెళ్ళిపోయినాడు. 1944లో సంస్థ ఆ చిత్రాన్ని బ్లూ రిబ్బన్ అనే వరుసలో మరల విడుదల చేసినది. ఆ వరుసలో మొదటి పేర్ల భాగం కోసి పారవేసి క్రొత్తది అతికించేవారు. ఆవెరీ పేరు పోయినది, వర్జిల్ రాస్ పేరు పోయినది. చిత్రం శీర్షిక సైతం కొద్దిగా మారినది. 1942లో విమాన ప్రమాదంలో మరణించిన నటి కరోల్ లాంబర్డ్ పేరు వచ్చే సంభాషణ మాత్రం శ్రద్ధగా సవరించినారు! 1956లో టెలివిజనువారికి అమ్మిన పాత చిత్రాలలో ఇటువంటి కోసిన ప్రతులు అనేకం. ఒక తరం పిల్లలు వాటిని చూస్తూ పెరిగినారు. ఎవరు తీసినదో వారికి తెలిసే మార్గం లేదు.

ఆ పిల్లలలోనే కొందరికి పిచ్చి పట్టినది. 1966లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్‌రాక్ పట్టణంలో మైకేల్ బారియర్ అనే యువకుడు 'ఫన్నీవరల్డ్' అనే పత్రిక ఆరంభించినాడు. మొదట అది సైక్లోస్టైలు కాగితాల పత్రిక. మిల్టన్ గ్రే అనే మిత్రునితో కలిసి పాత చిత్రకారుల ఇండ్లకు వెళ్ళి, వారి మాటలు టేపులమీద ఎక్కించినాడు. జో ఆడమ్సన్ ఆవెరీ మీద వ్రాసిన గ్రంథం 1975లో వెలువడినది. జెర్రీ బెక్, విల్ ఫ్రీడ్‌వాల్డ్ అనువారు వార్నర్ కార్టూనులన్నిటికీ జాబితా కూర్చి 1981లో ప్రకటించినారు. బొమ్మ కదిలే తీరు చూచి ఎవరి చేయో చెప్పగలవారు ఈ కూటమిలో తయారైనారు. ముఖం రబ్బరులా సాగిపోతే రాడ్ స్క్రిబ్నర్, కదలిక సుకుమారంగా జారితే రాస్. కీర్తన మధ్యలో రేడియో పెట్టి, రెండు సంగతులు వినగానే పాడుతున్నవారెవరో చెప్పే శ్రోతలు మనలో లేరా?

ఈ పిచ్చి తగవులు కూడ తెచ్చినది. క్లాంపెట్ అభిమానులను ఆదరంగా పిలిచి కూర్చుండబెట్టి కథలు చెప్పేవాడు. 1975లో వెలువడిన 'బగ్స్ బన్నీ సూపర్‌స్టార్' అనే చిత్రంలో ఆయనే ప్రధాన వక్త. బన్నీ పుట్టుకలో తన వంతు మించి చెప్పుకొన్నాడని జోన్స్ మండిపడి, తప్పుల పట్టిక వ్రాసి ఆవెరీకి పంపినాడు. ఆవెరీ దాని అంచులలో తన మాటలు జోడించినాడు. ఆ ఉత్తరపు ప్రతులు అభిమానుల మధ్య చేతులు మారినవి. వారు రెండు పక్షాలైనారు. 1979లో జోన్స్ తీసిన చిత్రంలో కుందేలు తన తండ్రుల పేర్లు చెప్పుకొంటుంది. ఆ వరుసలో క్లాంపెట్ పేరు లేదు. మా మటుకు మాకు, ఇరుపక్షాల కథలనూ స్టూడియో కాగితాలతో పోల్చి చూచిన బారియర్ వంటివారి తీర్పే నమ్మదగినదిగా తోస్తున్నది: కుందేలు ఒక్కరి బిడ్డ కాదు, అయినా ఆవెరీది పెద్ద పాలు. పేర్లు పేర్లున్నచోటనే ఉంచి ఉంటే ఈ వృద్ధుల మధ్య ఇంత రభస జరిగేదా అన్నది వేరే సంగతి.

ఆవెరీ 1980లోనూ, క్లాంపెట్ 1984లోనూ, జోన్స్ 2002లోనూ మరణించినారు. ముగ్గురికీ తమ మాట చెప్పుకొనే అవకాశం దక్కినది. ఆర్థర్ బ్రయన్ 1959లోనే కన్నుమూసినాడు. ఫన్నీవరల్డ్ తొలి సంచిక రావడానికి అప్పటికి ఇంకా ఏడు సంవత్సరాలు ఉన్నది.