నెట్‌వర్క్ టెన్: ఒక ఆస్ట్రేలియా టీవీ సంస్థ, దాని విదేశీ యజమానులు

నెట్‌వర్క్ టెన్ ఆస్ట్రేలియాలోని మూడు పెద్ద వాణిజ్య టీవీ నెట్‌వర్కుల్లో ఒకటి. మిగతా రెండు సెవెన్, నైన్. ప్రధాన కార్యాలయం సిడ్నీలోని పిర్మాంట్‌లో ఉంది. మన దేశంలో చాలామందికి ఇది 'మాస్టర్‌చెఫ్ ఆస్ట్రేలియా'ను 2009 నుంచి ప్రసారం చేస్తున్న చానల్‌గా తెలుసు. 2017 నవంబరులో ఈ సంస్థ పూర్తిగా అమెరికాకు చెందిన సీబీఎస్ చేతికి వెళ్లింది. దేశమంతా చూసే టీవీని పరాయి దేశపు కంపెనీ కొనడం సబబేనా, కొంటే దాన్ని ఆపగలిగేది ఏమిటి అన్న చర్చ ఆస్ట్రేలియాలో దశాబ్దాలుగా సాగుతోంది. ఆ చర్చ మలుపులన్నీ ఈ ఒక్క సంస్థ చరిత్రలో కనిపిస్తాయి.

తొలి చట్టం, మర్డాక్ పౌరసత్వం

ఆస్ట్రేలియాలో టీవీ ప్రసారాలు 1956 సెప్టెంబరు 16న సిడ్నీలో మొదలయ్యాయి. విదేశీ వాటాలకు కళ్లెం కూడా అప్పుడే పడింది. ఒక్కో విదేశీ వాటాదారుకు 15 శాతం, విదేశీయులందరికీ కలిపి 20 శాతం మించి వాటా ఉండకూడదన్నది ఆ నియమం. సెవెన్, నైన్‌ల తర్వాత మూడో వాణిజ్య నెట్‌వర్కుగా టెన్ వచ్చింది. దీని మెల్‌బోర్న్ స్టేషన్‌ను విమానాల వ్యాపారం చేసే ఆన్సెట్ సంస్థ 1964 ఆగస్టు 1న ప్రారంభించింది. సిడ్నీ స్టేషన్ 1965 ఏప్రిల్‌లో మొదలైంది.

1979లో సిడ్నీ స్టేషన్ రూపర్ట్ మర్డాక్ చేతికి వచ్చింది. అదే ఏడాది ఆన్సెట్‌లో వాటా కొని మెల్‌బోర్న్ స్టేషన్‌నూ తీసుకోవాలని చూశాడు. లైసెన్సుల వ్యవహారం చూసే ఆస్ట్రేలియన్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రిబ్యునల్ 1980లో కుదరదంది. అప్పటికే అతని చేతిలో పత్రికలు చాలా ఉన్నాయి. మర్డాక్ అప్పీలుకు వెళ్లి గెలిచాడు. పైగా అతను అప్పటికి న్యూయార్క్‌లో కాపురం ఉంటున్నాడు. 1981లో ప్రధాని మాల్కమ్ ఫ్రేజర్ ప్రభుత్వం చట్టాన్ని సవరించి, లైసెన్సు ఉన్నవాళ్లు ఆస్ట్రేలియాలోనే నివసించాలన్న నిబంధనను తొలగించింది. ఆ సవరణలకు జనం పెట్టిన పేరు 'మర్డాక్ సవరణలు'. ఒక మనిషి అవసరానికి దేశ చట్టం వంగిందన్న ఆరోపణ అప్పుడు బలంగా వినిపించింది. అది ఉత్త ఆరోపణ అని కొట్టిపారేయడం కష్టం.

నివాసం అడ్డు తొలగిన నాలుగేళ్లకు పౌరసత్వం అడ్డొచ్చింది. అమెరికాలో టీవీ స్టేషన్లు కొనాలంటే అక్కడి చట్టం ప్రకారం అమెరికా పౌరుడై ఉండాలి. అందుకని మర్డాక్ 1985 సెప్టెంబరులో అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. దాంతో పుట్టిన దేశంలో విదేశీయుడయ్యాడు. టెన్ విషయంలో విదేశీ యాజమాన్య నిబంధన దెబ్బ మొదట తగిలింది బయటి నుంచి వచ్చినవాడికి కాదు, మెల్‌బోర్న్‌లో పుట్టిన పత్రికాధిపతికి.

1987లో హాక్ ప్రభుత్వం, ఆర్థిక మంత్రి పాల్ కీటింగ్ చొరవతో, మరో నిబంధన తెచ్చింది. ఒకే నగరంలో పత్రిక, టీవీ రెండూ ఒకే చేతిలో ఉండకూడదు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. మర్డాక్ పత్రికలు ఎంచుకున్నాడు. హెరాల్డ్ అండ్ వీక్లీ టైమ్స్ సంస్థను కొని, టెన్ స్టేషన్లను వెస్ట్‌ఫీల్డ్ మాల్స్ అధిపతి ఫ్రాంక్ లోవీ బృందానికి అమ్మేశాడు. అదే ఏడాది కెర్రీ ప్యాకర్ నైన్‌ను అలన్ బాండ్‌కు దాదాపు 100 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు అమ్మాడు. సెవెన్ క్రిస్టొఫర్ స్కేస్ చేతికి వెళ్లింది. కొన్నవాళ్లంతా అప్పు చేసి కొన్నవాళ్లే, వడ్డీ రేట్లు మండిపోతున్న రోజులవి. నాలుగేళ్లు తిరక్కుండానే మూడు నెట్‌వర్కులూ వాళ్ల చేతుల్లోంచి జారిపోయాయి. లోవీ 1989లో నష్టానికి వదిలించుకున్నాడు. 1990 సెప్టెంబరులో టెన్ అప్పుల వసూలుకు నియమించే రిసీవర్ల అజమాయిషీలోకి వెళ్లింది. దాని భవిష్యత్తు అప్పిచ్చిన వెస్ట్‌ప్యాక్ బ్యాంకు చేతిలో పడింది.

కెనడా నుంచి వచ్చిన కొనుగోలుదారు

1991లో ఫెయిర్‌ఫాక్స్ పత్రికలు కూడా అమ్మకానికి వచ్చాయి. కొనేవాళ్లలో కెనడాకు చెందిన కాన్రాడ్ బ్లాక్ ఉండడం దేశాన్ని కుదిపింది. 1975లో ఒకరిని దించి మరొకరు ప్రధాని అయిన గాఫ్ విట్లమ్, మాల్కమ్ ఫ్రేజర్ మెల్‌బోర్న్‌లో ఒకే వేదిక మీద నిలబడి ఆ బేరాన్ని వ్యతిరేకించారు. ఆ ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డారంటే యాజమాన్యం ప్రశ్న అప్పట్లో ఎంత వేడి పుట్టించిందో అర్థమవుతుంది.

ఆ వేడిలోనే 1992లో టెన్‌ను మరో కెనడా సంస్థ నాయకత్వంలోని బృందం కొన్నది. అది విన్నిపెగ్ నగరానికి చెందిన ఇజ్జీ ఆస్పర్ కంపెనీ క్యాన్‌వెస్ట్. కెనడా తన ప్రసార సంస్థలను విదేశీయుల చేతికి పోనివ్వదు. అక్కడి వ్యాపారి మాత్రం మరో దేశపు నెట్‌వర్కును నడపడానికి వచ్చాడు.

ఆ కొనుగోలును కూర్చిన తీరు గమనించదగ్గది. క్యాన్‌వెస్ట్ తీసుకున్న ఓటు హక్కు ఉన్న షేర్లు 15 శాతం, అంటే చట్టం ఒప్పుకునే గీత దాకా. మిగతా పెట్టుబడి డిబెంచర్ల రూపంలో పెట్టింది. డిబెంచరు కాగితం మీద అప్పు, దానికి ఓటు ఉండదు. అయితే ఈ డిబెంచర్లు సంస్థ లాభంలో భాగం అందుకునేలా రాసినవి. రెండూ కలిపితే టెన్ ఆర్థిక ఫలంలో క్యాన్‌వెస్ట్ వాటా 57.5 శాతం. నూటికి 57 రూపాయలకు పైగా లాభం తీసుకుంటూ 15 శాతం వాటాదారునని చెప్పుకోవడానికి చట్టం అవకాశమిచ్చింది. ఇల్లు ఎవరి పేరున ఉందో పట్టాలో చూసి, తాకట్టు కాగితాలు ఎవరి పెట్టెలో ఉన్నాయో అడగకపోవడం లాంటిది ఇది.

క్యాన్‌వెస్ట్ అక్కడ ఆగి ఉంటే గొడవే ఉండేది కాదేమో. ఇతర కంపెనీల ద్వారా మరికొన్ని షేర్లు చేరడంతో దాని ఆర్థిక వాటా 76 శాతానికి పెరిగింది. 1997లో ఆస్ట్రేలియన్ బ్రాడ్‌కాస్టింగ్ అథారిటీ విచారణ జరిపి, చట్టం మీరారని తేల్చి, అదనపు వాటా వదులుకోమంది. న్యాయస్థానంలో కూడా క్యాన్‌వెస్ట్ నెగ్గలేదు. 1998లో టెన్ షేర్లు ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదయ్యాయి.

ఇందులో క్యాన్‌వెస్ట్‌కు దక్కాల్సిన మంచి మాట కూడా ఉంది. దివాలా అంచున ఉన్న సంస్థను అది లాభాల్లోకి తెచ్చింది. పెద్ద చానళ్లతో పోటీపడి ఖర్చు చేయకుండా, 16 నుంచి 39 ఏళ్ల వయసు ప్రేక్షకుల మీద గురిపెట్టింది. 'నైబర్స్' సీరియల్‌ను కొనసాగించింది. 'బిగ్ బ్రదర్', 'ఆస్ట్రేలియన్ ఐడల్' లాంటివి తెచ్చింది. అయితే ఆ లాభాల్లో పెద్ద భాగం విన్నిపెగ్‌కు చేరింది, అక్కడ వేరే అవసరాలకు ఖర్చయింది. 2000లో క్యాన్‌వెస్ట్ కాన్రాడ్ బ్లాక్ దగ్గర కెనడా పత్రికలు కొని అప్పుల్లో కూరుకుపోయింది. ఆ అప్పు తీర్చే దారిలో 2009 సెప్టెంబరులో టెన్‌లో తనకున్న సగం పైచిలుకు వాటాను 68 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు అమ్మేసింది. మరుసటి నెలలోనే కెనడాలో రుణదాతల నుంచి న్యాయరక్షణ కోరింది. విదేశీ యాజమాన్యంలో అసలు భయం ఇదేనని నా అభిప్రాయం. యజమాని వార్తల్లో వేలు పెడతాడేమోనన్నది ఎప్పుడూ చెప్పే భయం. ఎక్కడో జరిగిన వ్యాపారపు తప్పుకు ఇక్కడి సంస్థ తాకట్టు సరుకు అవుతుందన్నది మాత్రం నిజంగా జరిగింది.

గోడ కూలిన ఏడాది

2006లో జాన్ హోవర్డ్ ప్రభుత్వం, మంత్రి హెలెన్ కూనన్ చేతుల మీదుగా, ప్రసార చట్టంలోని విదేశీ వాటా పరిమితులను ఎత్తేసింది. 2007 ఏప్రిల్‌లో సవరణ అమల్లోకి వచ్చింది. విదేశీ పెట్టుబడుల సాధారణ పరిశీలన మాత్రమే మిగిలింది. చట్టం ఆమోదం పొందిన రోజుల్లోనే నైన్‌లో సీవీసీ, కొద్ది వారాలకు సెవెన్‌లో కేకేఆర్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు ప్రవేశించాయి. వాళ్లకు టీవీ మీద ఆసక్తి లేదు. కొని, అప్పు మోపి, అమ్ముకుని పోవడమే వాళ్ల వృత్తి. 50 ఏళ్లు కాపాడుకున్న గీత చెరిగిపోతున్నప్పుడు 1991 నాటి సభలు మళ్లీ జరగలేదు.

సీబీఎస్ చేతికి

క్యాన్‌వెస్ట్ వెళ్లాక టెన్‌లోకి దేశంలోని సంపన్నులు వచ్చారు. జేమ్స్ ప్యాకర్, రూపర్ట్ కుమారుడు లాక్లన్ మర్డాక్, గనుల అధిపతి జీనా రైన్‌హార్ట్, చిన్న పట్టణాలకు టీవీ ప్రసారాలు అందించే విన్ సంస్థ యజమాని బ్రూస్ గోర్డన్. వీళ్ల హయాంలోనే సంస్థ దిగజారింది. పేరుకు సొంత దేశపు యాజమాన్యమే, ఫలితం మాత్రం ప్రేక్షకుల తగ్గుదల, అప్పు.

నాశనం వచ్చింది కార్యక్రమాల ఒప్పందాల నుంచి. సీబీఎస్, ఫాక్స్ స్టూడియోలు తీసే ధారావాహికలను గంపగుత్తగా కొనేలా టెన్ దీర్ఘకాల ఒప్పందాలు రాసుకుంది. 2015 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టింది. అమెరికా సీరియళ్ల కోసం టీవీ ముందు కూర్చునేవాళ్లు తగ్గారు. ప్రేక్షకులు వెళ్లిపోయినా చెల్లింపులు ఆగవు. 20 కోట్ల డాలర్ల బ్యాంకు రుణం 2017 డిసెంబరుకు తీర్చాలి. కొత్త రుణానికి హామీ ఉండలేమని లాక్లన్ మర్డాక్, గోర్డన్ చెప్పేశారు. 2017 జూన్ 14న టెన్ దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లింది.

లెక్కలు తీస్తే, తాకట్టు లేని రుణదాతల్లో అందరికన్నా పెద్దది సీబీఎస్. దాని క్లెయిము 80 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల పైమాటే. టెన్ మరో చానల్ 'ఎలెవెన్'లో మూడో వంతు వాటా అప్పటికే దానిది. సరుకు అమ్మినవాడే భాగస్వామి, వాడే రుణదాత. కొనేది కూడా వాడే అయ్యాడు. లాక్లన్ మర్డాక్, గోర్డన్ కలిసి వేసిన బిడ్‌కు ఓ చిక్కు ఉంది. ఒకే ప్రాంతంలో పత్రిక, రేడియో, టీవీల్లో రెంటికి మించి ఒకే చేతిలో ఉండకూడదన్న నిబంధన రద్దయితేనే అది నిలుస్తుంది. ప్రభుత్వం ఆ రద్దు బిల్లును సెనేట్‌లో గట్టెక్కించేసరికి సెప్టెంబరు మధ్య అయింది. ఆగస్టు 28నే సీబీఎస్ ఒప్పందం ప్రకటన వచ్చేసింది. మీడియా గుత్తాధిపత్యాన్ని ఆపడానికి పెట్టిన నిబంధన మర్డాక్ కుటుంబాన్ని ఆపింది, ఆ సందులో అమెరికా సంస్థ లోపలికి వచ్చింది. ఆస్ట్రేలియాలో పత్రికల మీద ఆ కుటుంబానికి ఉన్న పట్టు చూస్తే, ఆ అడ్డు దేశానికి మేలే చేసిందని అనుకునేవాళ్లు తక్కువేం కాదు.

సెప్టెంబరు 19న రుణదాతలు ఓటు వేశారు. ఉద్యోగులు కూడా జీతం, సెలవుల బకాయిల రీత్యా రుణదాతలే. వాళ్లు సీబీఎస్ వైపు మొగ్గారు. ఉద్యోగుల బకాయి పూర్తిగా చెల్లిస్తామని ఆ ఒప్పందంలో ఉంది. వాటాదారులకు మాత్రం చిల్లిగవ్వ దక్కలేదు. వాళ్ల షేర్లను ఉచితంగా బదిలీ చేయడానికి న్యూ సౌత్ వేల్స్ సుప్రీం కోర్టు నవంబరు 10న అనుమతించింది. 16న బదిలీ పూర్తయింది. నిర్వాహకుల అజమాయిషీ మొదలైన 5 నెలల్లో, ఒక్క షేరూ మార్కెట్‌లో కొనకుండా, నెట్‌వర్కు మొత్తం చేతులు మారింది.

ఆ తర్వాత

2020 సెప్టెంబరులో టెన్ బ్రిస్బేన్, పెర్త్ వార్తలను సిడ్నీ స్టూడియో నుంచి, అడిలైడ్ వార్తలను మెల్‌బోర్న్ నుంచి చదివించడం మొదలుపెట్టింది. పెర్త్ సిడ్నీకి 3 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. తమ ఊరి సాయంత్రపు వార్తల్ని ఎక్కడో కూర్చున్న మనిషి చదవడం అక్కడి ప్రేక్షకులు పోగొట్టుకున్నదే. అయితే నిందను పరాయి యజమాని ఒక్కడి మీదే వేయడం న్యాయం కాదు. కోవిడ్ ప్రకటనల ఆదాయాన్ని తినేసిన ఏడాది అది. ఏడాది ముందే, 2019లో, బ్రూస్ గోర్డన్ విన్ సంస్థ ఆరెంజ్, డబ్బో, ఆల్బరీ, వాగా వాగా లాంటి ఊళ్లలో తన వార్తా విభాగాలను మూసేసింది. టెన్‌ను కొనాలనుకున్న సొంత దేశస్థుడి సంస్థ అది.

ఇప్పుడు ప్రసార చట్టంలో రక్షణగా మిగిలింది విదేశీ యాజమాన్య నిబంధన కాదు, కార్యక్రమాల నిబంధన. ప్రధాన చానల్‌లో ఉదయం 6 నుంచి అర్ధరాత్రి దాకా ప్రసారాల్లో 55 శాతం ఆస్ట్రేలియాలో తయారైనవే ఉండాలి. యజమాని ఏ దేశం వాడైనా ఇది వర్తిస్తుంది. 2018లో తెచ్చిన మరో చట్టం ప్రకారం మీడియా సంస్థల్లో 2.5 శాతం, ఆపైన విదేశీ వాటా ఉంటే వివరాలు నియంత్రణ సంస్థకు ఇవ్వాలి, అవి బహిరంగ పట్టికలో కనిపిస్తాయి. ఎవరిదో తెలుస్తుంది, ఆపడం ఉండదు.

మన దేశంలో గీత వేరే చోట గీశారు. వార్తా చానళ్లలో విదేశీ పెట్టుబడి 2003లో 26 శాతం, 2015లో 49 శాతం. వినోదపు చానళ్లకు ఆ కట్టడి లేదు. అందుకే 2015లో మర్డాక్ కుటుంబపు స్టార్ ఇండియా మా టీవీ ప్రసార వ్యాపారాన్ని కొనగలిగింది. తెలుగువాళ్ల ఇళ్లలో ఏళ్లుగా నడిచిన చానల్ యాజమాన్యం అలా స్టార్‌కు, 2019లో డిస్నీకి, 2024 నవంబరులో రిలయన్స్ కూటమికి మారింది. ఆస్ట్రేలియాలో టెన్‌కు జరిగినంత చర్చ ఇక్కడ జరగకపోవడం విచారించాల్సిన విషయమే.

సీబీఎస్ 2019 డిసెంబరులో వయాకామ్‌తో కలిసింది, 2022లో పారమౌంట్ అయింది. 2025 జూన్‌లో టెన్ తన చర్చా కార్యక్రమం 'ది ప్రాజెక్ట్'ను 16 ఏళ్ల తర్వాత ఆపేసింది. ఆ ఏడాది ఆగస్టు 7న పారమౌంట్ స్కైడాన్స్‌తో విలీనమై డేవిడ్ ఎలిసన్ సారథ్యంలోకి వెళ్లింది. విలీనానికి అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ జులైలో అనుమతి ఇచ్చింది. ఆ పరిశీలనలో సీబీఎస్ వార్తల నిష్పాక్షికత మీద హామీలు తీసుకున్నారు. ఎఫ్‌సీసీ అధికారం అమెరికా స్టేషన్ల వరకే.