గచ్చిబౌలి: ఆటగాళ్ల బస, మన దవాఖానా

గచ్చిబౌలి అనే పేరు అందరం తేలిగ్గా పలికేస్తాం. విప్పి చూస్తే లోపల మన జబాన్ ఉంది. 'గచ్' ఫార్సీ మాట, సున్నపు గార అని. తెలుగులో గచ్చు అయింది. బౌలీ అంటే మెట్లబావి. పక్కనే కంచ గచ్చిబౌలి. కంచ మాత్రం పశువులు మేసే బీడు, అచ్చ తెలుగు. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టేమో, ఇలాంటి పేర్లు కనిపిస్తే ఆగిపోతాను.

ఆ బీడులోకి ఆటలు వచ్చింది 2002 డిసెంబరులో. జాతీయ క్రీడలు అప్పుడు హైదరాబాద్‌లో జరిగాయి. అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు గచ్చిబౌలి స్టేడియానికి పెట్టారు. మరుసటి ఏడాది అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా ఆఫ్రో-ఏషియన్ క్రీడలు. అవే మొదటివి, అవే ఆఖరివి. వాటిలోనే మన సానియా మీర్జా నాలుగు బంగారు పతకాలు గెలిచింది. అప్పటికి ఆ పిల్లకు పదిహేడేళ్లు నిండలేదు. 2007లో ప్రపంచ సైనిక క్రీడలు, ముంబైతో కలిపి. మన ప్రకాశం బిడ్డ పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ కూడా ఈ గచ్చిబౌలిలోనే.

స్టేడియం ఆవరణలో ఆటగాళ్ల బస కోసం ఒక ఎత్తైన టవర్ లేపారు. ఆటలంటే వారం, పది రోజుల ముచ్చట. తర్వాత ఆ గదులు ఎవరికి? ఢిల్లీలో 1982 ఏషియాడ్ విలేజ్, బెంగళూరు కోరమంగలలో 1997 జాతీయ క్రీడల విలేజ్ ఇళ్లయ్యాయి, కుటుంబాలు చేరాయి, మొహల్లాలయ్యాయి. మన టవర్‌కు ఆ కిస్మత్ లేదు. చుట్టూ ఐటీ కంపెనీల అద్దాల మేడలు లేస్తుంటే అది అలా నిలబడి ఉంది.

2020 ఏప్రిల్‌లో దానికి ఎవరూ అనుకోని పని పడింది. కరోనా. ప్రభుత్వం ఆ టవర్‌ను 1,500 పడకల దవాఖానాగా మార్చి 'టిమ్స్' అని పేరు పెట్టింది. క్రీడాకారుల గదుల్లోకి ఆక్సిజన్ పైపులు వచ్చాయి. పరుగుల కోసం ఊపిరి బిగబట్టేవాళ్లకని కట్టిన చోట మరీజులు ఒక్కో ఊపిరినీ లెక్కపెట్టుకున్నారు. అల్లాహ్ వాళ్లందరినీ మగ్‌ఫిరత్ చేయుగాక అని దుఆ చేసుకోవాల్సిన ఇళ్లు మనలోనూ ఉన్నాయి.

ఈ చుట్టుపక్కల కాంక్రీట్‌లో మా వైపు చెమట కూడా ఉంది. కొనకనమిట్ల, పొదిలి, మార్కాపురం పల్లెల నుంచి వాన మొహం చాటేసిన ఏడాదల్లా బేల్దారి పనికి హైదరాబాద్ బస్సెక్కినవాళ్లు ఎంతమందో. కట్టినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు, అది వేరే సంగతి.

అసలు కథ జమీన్‌ది. ఇక్కడికి దగ్గర్లోనే మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. హుస్సేన్ సాగర్ ఆయన పేరు మీదిదే. ఆ దర్గాకు 1,654 ఎకరాల 32 గుంటలు వక్ఫ్ అని 2006లో సవరణ గెజిట్ వచ్చింది. 1989 నాటి మొదటి గెజిట్‌లో ఉన్నది 5,506 చదరపు గజాలే. అదాలత్‌లో ఏళ్ల తరబడి నలిగి, 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ జమీన్ ప్రభుత్వానిదేనని ఫైసలా ఇచ్చింది. ఫైసలా ఫైసలాయే. కానీ కాగితాలు మొదట్లోనే సరిగ్గా రాయించుకోని గఫ్లత్ ఎవరిదో మన వక్ఫ్ పెద్దలు చెప్పాలి. ఇప్పటికీ ఎన్ని ఊళ్లలో ఖబ్రస్తాన్ హద్దులు నోటిమాట మీదే నడుస్తున్నాయి!

కంచ గచ్చిబౌలి 400 ఎకరాలదీ ఆటల పేరుతో మొదలైన కథే. 2003లో క్రీడా అకాడమీలు కడతామన్న ఐఎంజీ భారత అనే కంపెనీకి ఇచ్చారు. 2006లో రద్దు చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2024లో ప్రభుత్వం గెలిచింది. మరుసటి ఏడాది అక్కడ బుల్డోజర్లు దిగితే సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలిచారు. చెట్లు కొట్టడం ఆపమని 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు హుకుం ఇచ్చింది. ఇరవై రెండేళ్లలో అక్కడ ఒక్క అకాడమీ లేవలేదు. అడవి మాత్రం లేచింది, నెమళ్లతో సహా.